అప్పలస్వామి రగ్బీ, మా అమ్మ పులిహోర

సుంగై సుమున్ నుంచి కౌలాలంపూర్ వెళ్ళి రావడం ఎలాగని మన తెలుగు సంఘంలో వాళ్ళు నన్ను అడుగుతుంటారు. ఆ దారిన నేను మొట్టమొదట వెళ్ళింది మెర్డెకాకి, అంటే మలయా స్వతంత్రానికి, కొన్ని వారాల ముందు. చుట్టాల్ని చూడటానికి కాదు, గుడికీ కాదు. అసూయ పట్టలేక వెళ్ళాను. దాచుకునే వయసు దాటిపోయింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

అప్పలస్వామీ నేనూ ఒకే ఎస్టేటు. తల్లి లేని పిల్లాడని మా అమ్మ వాణ్ణి చేరదీసింది. మా వంటింట్లోనే పెరిగాడు. చేప ముక్కల్లో పెద్దది ఎప్పుడూ వాడి కంచంలోనే పడేది. ఎస్టేటు ఫుట్‌బాల్ జట్టులో వాడు మధ్యన, నేను ఎడమ పక్కన ఆడేవాళ్ళం. వాడు బంతితో దూసుకుపోయి, చుట్టుముట్టారంటే వెనక్కి చూడకుండానే మడమతో ఎడమకి తన్నేవాడు. అక్కడ నేనుండేవాణ్ణి. గోలు నేను కొట్టినా చప్పట్లు వాడికే. తరవాత వాడు పోలీసు ఉద్యోగానికి కౌలాలంపూర్ వెళ్ళి, ఫుట్‌బాల్ మానేసి, దొరలాడే రగ్బీలో చేరాడు. ఆరు నెలలకే పేపర్లో ఫోటో పడింది. అమ్మ దాన్ని కత్తిరించి దేవుడి పటాల పక్కన అంటించింది. నా ఫోటో ఆ ఇంట్లో ఏ గోడ మీదా లేదు.

ఇంతలో మా జట్టు ఎస్టేట్ల కప్పు ఫైనల్‌కి వచ్చింది. ఎస్టేటు ఆస్పత్రిలో కట్లు కట్టి మందులిచ్చే డ్రస్సరు సింహాచలం గారు మా కెప్టెన్. ఆయన అప్పలస్వామికి ఒక ఉత్తరం రాసి నా చేతిలో పెట్టాడు. "ఫైనల్‌కి ఆడు రాపోతే మన పని అయిపోయినట్టే. నువ్వెలితేనే వస్తాడు. ఎలాగోలా తీసుకొచ్చీ" అన్నాడు. సరేనన్నాను. లోపల మాత్రం ఆ రగ్బీలో వాడు బోర్లాపడాలనీ, ముక్కు పగిలి, సిగ్గుపడి, నా వెనకే తిరిగి రావాలనీ కోరుకున్నాను.

అడవుల్లోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. మా కూలీల లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె ఉండేది. కర్ఫ్యూ తీసి పొద్దున్న ఆరింటికి గేటు తెరిచేవారు. అడవిలో ఉన్నవాళ్ళకి తిండి చేరకూడదని ఒక్కొక్కరినీ తడిమి చూసేవారు. బియ్యం గింజ కూడా గేటు దాటకూడదు. అది తెలిసీ మా అమ్మ అప్పలస్వామికని ఒక క్యారేజీ నిండా పులిహోర కట్టింది. కాపలా ఉన్న తమిళాయన మూత తీసి "సోరు!" అన్నాడు, అన్నం పట్టుబడిందని.

"అన్నం కాదయ్యా, పులిహోర లా!" అంది అమ్మ కంచె ఇవతల నుంచి, చివర మలయ్ వాళ్ళ 'లా' తగిలించి. "అన్నమైతే నానెందుకు కడతాను? నాకు రూలు తెల్దేటి?"

ఆయనకి నవ్వొచ్చింది కానీ వదల్లేదు. ఇక్కడే తినెయ్, లేదా పారబొయ్యి అన్నాడు. అమ్మ మొహం తిప్పుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. నేను గేటు పక్కన నిలబడి, ఒక్క మెతుకు మిగల్చకుండా ఆ క్యారేజీ ఖాళీ చేశాను. వాడికని వేసిన జీడిపప్పు కూడా నమిలాను. నా జన్మలో అంత రుచిగా మరేదీ తినలేదు.

ఆరున్నర బస్సుకి అర డాలరు. దాన్లో తెలుక్ ఇంటాన్ చేరాను, అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవారు. అక్కణ్ణించి చిన్న రైల్లో తాపా రోడ్, అక్కడ మారి కౌలాలంపూర్. మూడో తరగతి టిక్కెట్టు నాలుగు డాలర్ల పైచిలుకు. దారిలో రెండుచోట్ల దింపి గుర్తింపు కార్డులు చూశారు. స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నం మూడైంది. టాక్సీ డ్రైవరుకి పడాంగ్, అంటే ఆట మైదానం, అని చెప్పానో లేదో, "అప్పలా ఆట చూడనీకా?" అన్నాడు వచ్చీరాని తెలుగులో. వాడి పేరు ఇక్కడ టాక్సీవాళ్ళకి కూడా తెలుసన్నమాట.

ఇప్పుడు దతరన్ మెర్డెకా అంటున్న మైదానం అదే. అయిదింటికి ఆట మొదలైంది. రగ్బీలో బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, వెనక ఉన్నవాడికే ఇవ్వాలి. అప్పలస్వామి బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. ఇద్దరు మీద పడ్డారు. పడ్డాడు, ఇక చాలు అనుకున్నాను. పడుతూనే, తల తిప్పకుండా, బంతిని ఎడమకి వెనక్కి విసిరాడు. అక్కడ యూసఫ్ అనే మలయ్ పోలీసు ఉన్నాడు. అందుకుని గీత దాటేశాడు. జనం లేచి నిలబడ్డారు. వాడికి చప్పట్లు కొడితే నాకు అలవాటే. కానీ ఆ ఎడమ పక్క చోటు నాది.

ఆట అయ్యాక బురదతోనే వచ్చి కావలించుకున్నాడు. "సూసినావా? అది మన పాసే రా! ఎనకాల నువ్వున్నావనుకునే ఇసిరేత్తాను. యూసఫ్‌కి ఆ సోటు నానే నేర్పినాను." వాడు మెచ్చుకుంటున్నాడని తెలుసు. అయినా చెంపమీద కొట్టినట్టైంది. ఉత్తరం ఇచ్చాను. చదివి తలాడించాడు. "ఆరోజు ఈళ్ళ మేచ్ ఉంది. నాను రాలేను. సింహాచలం గారికి సెప్పు." కాసేపు నా సంచీ వైపు చూసి, చిన్నపిల్లాడిలా అడిగాడు. "అమ్మ ఏటీ పంపలేదా?"

గేటు సంగతి చెబితే వాడు పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాడు. నేను చెప్పలేదు.

"లేదు. ఏటీ పంపలేదు" అన్నాను.

వాడి మొహం వాడిపోయింది. ఆరోజు వాడి మీద నేను గెలిచింది అదొక్కటే. వాడు నన్ను గదికి తీసుకెళ్ళి, అమ్మకని కొనుంచిన శాలువా నా చేతిలో పెట్టాడు. మర్నాడు ఇంటికి రాగానే "పులిహోర తిన్నాడా?" అంది అమ్మ. "తిన్నాడు" అన్నాను. ఫైనల్ ఓడిపోయాం. బతికినన్నాళ్ళూ ఆమె ఆ శాలువా కప్పుకుంది. వాడూ పోయి చాలా ఏళ్ళైంది. ఎవరికీ నిజం చెప్పలేదు. వాడి మీద అసూయ ఇంకా ఉంది. ఆట ఎవరు ఆడినా ఎడమ పక్కకే చూస్తాను.

ఇక అడిగినవాళ్ళకి ఒక్క సలహా. తెలుక్ ఇంటాన్‌కి ఇప్పుడు రైలు లేదు, తాపా రోడ్ దాకా కారులో వెళ్ళి అక్కడ ఎక్కండి. గేటూ లేదు, తడిమేవాళ్ళూ లేరు. దారికి పులిహోర కట్టుకోండి. ఎవరికైనా ఇమ్మని మీ అమ్మ కట్టి ఇస్తే వాళ్ళకే ఇవ్వండి, దారిలో తినేస్తే తినేశానని చెప్పండి.