చింతపండుతో తోమిన తూటా గొట్టాలు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో ఉండే రిటైర్డ్ డాక్టర్ మూర్తి అంకుల్ తన రైఫిల్ తూటాలు తనే రీలోడ్ చేసుకుంటారు, అంటే ఖాళీ గొట్టాల్లో మందు, గుండు తనే నింపుకుంటారు. ఖాళీ ఇత్తడి గొట్టాలు కొత్తవి ఒక డబ్బాలో, ఒకసారి కాల్చినవి ఇంకో డబ్బాలో పెడతారు. ఈ రోజు నేను వెళ్లేసరికి ఆంటీ దీపపు కుందులతో పాటు వాటన్నిటినీ చింతపండుతో తోమేసి, ఒకే పళ్లెంలో ఆరబెట్టారు. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి.

"ఇప్పుడు పాతవేవో ఎలా తెలుస్తుంది? కాల్చినవాటికి పగుళ్లొస్తాయి. పగులున్నది లోడ్ చేస్తే మొహం మీదే పేలుతుంది," అన్నారు అంకుల్.

"ఇత్తడి నల్లబడితే తోమరా అండీ?" అన్నారు ఆంటీ.

అంకుల్ భూతద్దం తీసి చూస్తే రెండింటికి పగుళ్లు కనిపించాయి. ఇక మిగతావాటినీ నమ్మనని అన్నీ పక్కన పెట్టేశారు. నేను బయల్దేరేటప్పటికి ఆ పగిలిన రెండూ పూజగదిలో అగరబత్తి స్టాండ్లయ్యాయి.

మీ ఇంట్లో కూడా తోమకూడనిదేదైనా తళతళలాడుతోందా?