ముట్టుకుంటే వెలిగే దీపం, మా బావ

మా బావ పోయాడన్న కబురు వికారాబాదులో నాకు తెచ్చింది చుట్టాలెవరూ కాదు, తాండూరు బట్టలషాపు గుమాస్తా. "మీ బావ పొద్దుగాల పోయిండు సారూ," అని కొంచెం ఆగి, "రిపేరుకిచ్చిన మా ఇస్త్రీపెట్టె ఎవరినడగాలె?" అన్నాడు. బావే ఉంటే నాలుగు తిట్టి, పెట్టె చేతిలో పెట్టేవాడు.

మీలో తాండూరువాళ్లుంటే ఆ తిట్లు మీకూ అందే ఉంటాయి. ఇంట్లోనే బల్ల వేసుకుని రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసేవాడు. "వస్తువుకు రోగమొస్తే నా దగ్గరికి తెస్తరు. బుద్ధికొస్తే యాడికి తీస్కపోతరు?" అనేది ఆయన పలకరింపు. మా అక్కతో ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్క మంచిమాట అన్నట్టు సాక్ష్యం లేదు.

అక్కకు పక్షవాతం వచ్చింది. ఎడమచెయ్యి ఒక్కటే కొద్దిగా లేచేది. అదీ పోతుందేమోనని ఆమెకు రోజూ భయం. అప్పుడే పక్కింటాయన జెడ్డా నుంచి తెచ్చిన బల్లదీపం చూపించడానికి వచ్చాడు. దాని ఇత్తడి కాడను ముట్టుకుంటే వెలుగుతుంది, మళ్లీ ముట్టుకుంటే ఆరుతుంది. "కట్టెతోని కొడ్తే వెలగదు చెల్లె, పానమున్న చెయ్యి తగలాలె," అని గొప్పగా చెప్పి ప్లగ్గు పెట్టాడు. పొగ వచ్చింది. అక్కడి కరెంటు మన కరెంటులో సగమట.

దీపం బావకే వదిలేసి పోయాడు. తాకిడిని పసిగట్టే ముక్క మాడిపోయింది, హైదరాబాదులో కూడా దొరకలేదు. దీపం బాగైందా అని అక్క రోజూ అడిగేది. చివరికి బావ ఆ ముక్క తీసేసి, మన బల్బు పెట్టి, దీపాన్ని అక్క మంచం పక్కన ఉంచి, వైరును గోడలోంచి పక్కగదిలోని తన బల్లదాకా లాగి స్విచ్చు బిగించాడు. తలుపు సందులోంచి మంచం కనబడుతుంది. అక్క చెయ్యి కాడకు తగలగానే ఈయన నొక్కేవాడు. టిక్కుమనడం వినబడకుండా రేడియో పెట్టేవాడు.

"గీ ఇంట్ల నా మాట వినేది గిదొక్కటే," అని అక్క పొద్దంతా ముట్టుకునేది. బావ ఏడాదిపాటు ఆ కుర్చీ వదల్లేదు. ఒక మనిషి చేతినే చూస్తూ కూర్చోవడం ఎట్లాగో ఆయన్ని చూసి తెలుసుకున్నాను. ఒక్క పూట కూడా నాకు చేతకాలేదు.

ఒకరోజు బొంరాస్‌పేటలో చావుంటే నన్ను కూర్చోబెట్టి పోయాడు. "టీకి గూడ లేవకు బామ్మర్దీ," అన్నాడు. లేవలేదు. నా జబ్బు వేరే, పరాచికం. అక్క ముట్టుకుంటే కావాలనే ఊరుకున్నాను. దీపం అలిగిందని తిడుతుంది, నవ్వుకుందామని. రెండోసారీ ఊరుకున్నాను. మూడోసారి ఆమె దీపాన్ని చూడలేదు, తన చేతిని చూసుకుంది. నేను స్విచ్చు నొక్కేసరికి చెయ్యి దుప్పటి కిందికి, మొహం గోడవైపుకి పోయాయి.

బావ వచ్చాక చెప్పి, తిట్లకోసం నిలబడ్డాను. నన్ను దాటుకుని పోయి మంచంమీద కూర్చున్నాడు. "అది వెలిగిచ్చేది నేనే. నీ చెయ్యి మంచిగనే ఉంది."

అక్క గోడవైపునుంచి మొహం తిప్పింది. "ముప్పై ఏండ్లల ఒక్క మంచిమాట చెప్పలే నువ్వు. గిప్పుడు చెప్తున్నవంటే చెయ్యి పోయినట్టే."

స్విచ్చు, వైరు పీకి తెచ్చి చూపించాడు. ఆమె కళ్లు మూసుకుంది. చెయ్యి మళ్లీ దుప్పటి దాటలేదు. ప్లగ్గు వంకరగా పెట్టినా నన్ను తిట్టే బావ, దీనికి మాత్రం చివరిదాకా ఏమీ అనలేదు. అనవలసింది.

కబురు విని నేను తాండూరు చేరేసరికి బావను వాకిట్లో పడుకోబెట్టారు. ఇద్దరు ఆడవాళ్లు అక్కను మోసుకొచ్చి పక్కన కూర్చోబెట్టారు. దుప్పటి కిందినుంచి ఎడమచెయ్యి మెల్లగా బయటికి వచ్చింది. వేళ్లు ఆయన రొమ్మును తాకాయి. ఆయన మొహంలోకి చూసింది. చెయ్యి తీసి, కొంచెం ఆగి, మళ్లీ తాకింది.