కళ్లు తెరవని మట్టిబొమ్మ

మొన్న మంగళవారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, మామ సచ్చిపోయినాడు" అంది. అంతే. మా ఇళ్లలో ఆ మాట అంత నేరుగా ఎవరూ అనరు. పోయినాడంటాం, కాలం చేసినాడంటాం. మా చెల్లెలు మాత్రం అనగలదు. దానికి ఆ మాట నేర్పింది మామే. అందుకే పదిహేనేళ్లుగా నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

మా అమ్మకు అన్న ఆయన. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. కనుబొమల మీద ఎప్పుడూ రాతిపొడి ఉండేది. భోజనానికి కూర్చున్నా ఎడమచేతి బొటనవేలు పళ్లెం అంచును తడుముతూనే ఉండేది, ఎక్కడో గరుకు మిగిలిపోయిందన్నట్టు. విగ్రహాన్ని గుళ్లో నిలబెట్టే రోజున చివరగా ఆయనే ఉలితో కళ్లు తెరిచేవాడు. అంతవరకూ అది రాయే. మేం పిల్లలం దాని మీదెక్కి కూర్చున్నా ఏమీ అనేవాడు కాదు. కళ్లు తెరిచాక మాత్రం ప్రాణం వచ్చిందని అందరూ దండం పెట్టేవాళ్లు. ఆ ఇంటి పిల్లలందరికీ ఇది తెలుసు.

తొంభైల మొదట్లో మా అమ్మ నంద్యాలలో కామెర్లతో చనిపోయింది. నాకు పదమూడేళ్లు, చెల్లెలికి ఆరు. అమ్మ పోయింది, పోయింది అని అందరూ ఏడుస్తుంటే అది నా పావడా పట్టుకుని "యాడికి పోయింది?" అని అడిగింది. "ఊరికి" అన్నాను. ఏ ఊరికంటే ఆళ్లగడ్డకన్నాను. మా నాయన తల్లి, జేజి, నన్ను దగ్గరకు తీసుకుని మెచ్చుకుంది. "పాపకు ఆ ముక్క ఎవురూ చెప్పొద్దండి" అని ఇంటిల్లిపాది చేతా ఒట్టు పెట్టించింది. అప్పటినుంచి వీధి చివర బస్సు ఆగిన చప్పుడైతే చాలు, చెల్లెలు అన్నం మధ్యలో లేచేది. తిండి తగ్గింది, మాట తగ్గింది. మేం గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే గోడకు చెవి ఆనించి నిలబడేది.

ఎండాకాలం సెలవులకు మామ మమ్మల్ని ఆళ్లగడ్డ తీసుకుపోయాడు. చెల్లెలు చెప్పులు కూడా విప్పకుండా అన్ని గదులూ తిరిగొచ్చి, "అమ్మ ఈడ లేదే?" అంది. "నంద్యాలకు బయల్దేరి ఉంటుంది. మన బస్సూ ఆ బస్సూ దాటుకోనుంటాయి" అన్నాను. చెబుతూ ఉంటే నాకే సిగ్గేసింది. వెనక మామ నిలబడి విన్నాడు. నా వైపు చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం బజారు నుంచి వీసీఆర్ అద్దెకు తెచ్చాడు. పిల్లల సినిమా అంటే షాపతను పేరు కూడా లేని క్యాసెట్ ఒకటి ఇచ్చాడట. అది ఏ దేశానిదో, ఏ భాషో. అన్నీ బొమ్మలే, కానీ గీసిన బొమ్మలు కావు, చేత్తో చేసినవి. పుల్లలాంటి కాళ్ల మనిషిబొమ్మ ఒకటి ఊడిపోయిన తన చేతిని సంచిలో వేసుకుని, కుట్టేవాళ్ల కోసం ఊరూరా తిరుగుతుంది. వెంట ఒక చచ్చిన కోడి, ఒట్టి ఎముకలు, వేళకాని వేళ కూస్తుంది. అది కూసినప్పుడల్లా మెడ ఊడి పడిపోతుంది. మా అత్త "థూ, ఇదేం పాడు సినిమా" అని లేచిపోబోయి, కోడి ఇంకోసారి కూసేసరికి నవ్వి కూర్చుంది. చెల్లెలు పకపకా నవ్వింది. నెలల తర్వాత ఆ నవ్వు విన్నాను. మామ బొమ్మను ఆపి తెర దగ్గరికి పిలిచాడు. "సూడు పాపా, చెంప మీద బొటనేలి ముద్ర. ఎవురో కూసోని, రవ్వంత జరిపి, ఫోటో తీసి, మళ్లా జరిపినారు. ఒక్క అడుగుకు ఎన్నిసార్లు ముట్టుకోవాల్నో!" ఆయన మొహం వెలిగిపోయింది. తనలాంటి పనివాడొకడు ఎక్కడో దూరదేశంలో దొరికినంత సంబరం.

ఆ సాయంత్రం చెల్లెలు అమ్మబొమ్మ కావాలంది. మామ బంకమట్టితో చేశాడు. జారుముడి, ఎడమ భుజం మీద కొంగు, కొంచెం వంగిన మెడ, అచ్చం అమ్మే. కళ్లు మాత్రం పెట్టలేదు. రెండు రోజులు చెల్లెలికి ఆ బొమ్మ పక్కనే తిండీ ఆటా. మూడో రోజు ఉలి పట్టుకొచ్చి మామ చేతికిచ్చింది.

"కండ్లు తెరువు మామా. అమ్మ లేస్తాది."

మామ ఉలి పక్కన పెట్టాడు. చెల్లెల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"సినిమాలో బొమ్మ ఎట్ల నడిచింది పాపా?"

"ఎవురో జరిపినారు."

"మీయమ్మ సచ్చిపోయిందమ్మా. ఊరికి పోలేదు. కండ్లు తెరిచినా లేయదు. నాకు చేతగాదు."

అది పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను పరుగెత్తుకొచ్చి మామను తోసేశాను. చేతికందిన బొమ్మను చెక్కడానికి పెట్టిన నల్లరాతి మీద విసిరికొట్టాను. మా అమ్మ బొమ్మను. మామ నన్ను తిట్టలేదు. "పిల్లోళ్లకు దయ్యమంటే భయం గాదు మే. మనం గుసగుసలాడుకుంటే భయం" అన్నాడు, మట్టి ఏరుకుంటూ.

నంద్యాలకు రాగానే, మామ దయ్యాల సినిమా చూపించి పాపను జడిపించాడని నాయనకూ జేజికీ చెప్పాను. నాయన ఆయన్ను గడప తొక్కొద్దన్నాడు. చెల్లెలు రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు కడుపునిండా అన్నం తింది. మళ్లీ బస్సు చప్పుడుకు లేవలేదు. అది నేను చూశాను. చూసి కూడా, నేను చెప్పింది తప్పని ఎవరితోనూ అనలేదు. నాయన పోయేదాకా మామ మా ఇంటికి రాలేదు.

చెల్లెలు మామ కొడుకునే పెళ్లి చేసుకుని ఆళ్లగడ్డ పోయింది. సీడీల కాలం వచ్చింది. నా ఐదేళ్ల కూతురు ముద్దొచ్చే బొమ్మల సినిమాలు పక్కకు తోసి, మూతి కుట్టేసిన బొమ్మలు, వంకర ఇళ్లు ఉన్నవే ఏరుకుంటుంది. ఎందుకో నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. అందమైన సినిమాలో ఏడుపు వస్తే వెంటనే పాట వచ్చి తుడిచేస్తుంది. ఈ వంకర బొమ్మలు ఏడుపును ఏడుపుగానే ఉంచి, పక్కనే ఒక ఎముకల కోడిని నిలబెట్టి నవ్విస్తాయి. పెద్దా చిన్నా ఆనుకుని కూర్చుని ఒకే భయాన్ని చూస్తారు. ఒకరి నుంచి ఒకరు దాచేదేమీ ఉండదు. మాకు అలాంటి గంట ఒక్కటే గడిచింది, దాన్ని నేనే నేరం చేశాను.

పోయిన ఏడు ఆళ్లగడ్డలో మామ నా కూతుర్ని పక్కన పెట్టుకుని అలాంటి సినిమానే చూస్తున్నాడు. "నువ్వూ రా మే, కూసో" అన్నాడు. పనుందని వంటింట్లోకి పోయాను. ఏ పనీ లేదు. క్షమించమని అడగడానికి అంతకంటే మంచి అదును దొరకదని తెలిసే పోయాను.

మంగళవారం బస్సులో కూతురు "తాతకేమయింది?" అని అడిగింది. నోటికి అదే వచ్చింది. "నిద్రపోతాండాడు" అన్నాను.

ఆళ్లగడ్డలో ఆయన్ను వసారాలో పడుకోబెట్టారు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. చెల్లెలు వచ్చి నా కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఇద్దరూ ఆయన పక్కన కాసేపు కూర్చున్నారు. చెల్లెలు ఏదో చెబుతోంది. పిల్ల తలూపుతోంది, మధ్యలో ఏదో అడుగుతోంది, కళ్లు తుడుచుకుంటోంది.

తర్వాత నా కూతురు ఒక్కతే జనం మధ్యలోంచి వచ్చింది. నన్ను అరుగు మీద కూర్చోమంది. కూర్చున్నాను.

"అమ్మా, తాత నిద్రపోలేదు. సచ్చిపోయినాడు. ఇంక లేయడు. నీకు ఎవురూ చెప్పలేదా?"

నేను లేదన్నట్టు తలూపాను. అది నా రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుని, మెల్లగా, నాకు భయం వేయకుండా, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.