నీటికోడి కూత కోసం

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను, నువ్వు నన్ను ఎరగవు కనుక.

అల్వాల్ అవతల ఒక చెరువు ఉంది. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ పొద్దున్నే వెళ్లి, అక్కడి పక్షుల కూతలు రికార్డు చేసేవాణ్ని. జమ్ముగడ్డిలో దాక్కునే నీటికోడి కూత ఒక్కటే దొరకలేదు. ఫోన్‌లో అదే జాతి మగపక్షి కూత వినిపిస్తే, ఎవడో తన చోటు ఆక్రమించడానికి వచ్చాడనుకుని అరుస్తూ బయటికి వస్తుంది. గుడ్లు పొదిగే కాలంలో అలా చేయకూడదు. నాకు తెలుసు. తెలిసీ వారం రోజులు, రోజూ గంటసేపు వినిపించాను. ఎందుకంత యావ? ఎవరడిగారు నన్ను? ఎనిమిదో రోజుకు గూట్లో పక్షి లేదు. గుడ్లు కాకుల పాలయ్యాయి.

మా పక్షుల గ్రూపు వాళ్లు యాదయ్యను అనుమానించారు. ఆ చెరువులో చేపలు పట్టి బతికేవాడు. అతని వల తగిలే గూడు చెడిందని అధికారులకు ఫిర్యాదు పెట్టారు. యాదయ్య నా దగ్గరికి వచ్చాడు.

“సార్, మీరు రోజూ ఆడనే ఉన్నరు గద. నా వల గా దిక్కు పోలేదని జెర చెప్పుండ్రి.”

“నేను సరిగ్గా చూడలే, యాదయ్యా.”

చూశాను. అంతకన్నా ఘోరం, నా రికార్డింగులో అతని గొంతే ఉంది. “ఇగ ఆపుండ్రి సార్, తల్లి గుడ్లిడిసి తిరుగుతున్నది” అని గట్టు మీది నుంచి బతిమాలుతున్నాడు. కూతలో మనుషుల మాటలు పడితే కత్తిరించడం మాకు అలవాటు. కత్తిరించాను. మిగిలిన కూత విని గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. నవ్వుతూ దండం పెట్టాను. సిగ్గులేని మనిషిని. యాదయ్య మాత్రం నా ఫోన్ సంగతి ఎవరి ముందూ ఎత్తలేదు. నా పరువు తీయడం ఎందుకనుకున్నాడా? చెప్పినా ఎవరు నమ్ముతారనుకున్నాడా?

ఆ ఫిర్యాదు మీద అధికారులు అతణ్ని మళ్లీ చెరువులో దిగనివ్వలేదు.

పోయిన నెల మోండా మార్కెట్‌లో కనిపించాడు, ఉల్లిగడ్డ బస్తాలు మోస్తూ. నన్ను చూసి బస్తా దించి మరీ నమస్తే పెట్టాడు. నీటికోళ్లు మళ్లీ గూడు కట్టాయా అని అడిగాడు. కట్టాయన్నాను. నిజానికి అతణ్ని ఆపేసిన రోజు నుంచి నేను చెరువు మొహమే చూడలేదు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. చెప్పవలసింది నీకు కాదు, అతనికి. ఆ ధైర్యం ఇంకా రాలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఆరేళ్లు పట్టింది. ఆ గూడు చెడగొట్టింది యాదయ్య కాదు, నేను.

రాశాక చాలాసేపు ఏడ్చాను. కొంచెం ఊపిరాడుతోంది.