ఆదివారం ప్లాటుచూపులు

మా నాన్న తన జీవితంలో ఒక్క ఊరిని కూడా పూర్తిగా మెచ్చుకోలేదు. అన్నం ముందు కూర్చుంటే చాలు, ఊళ్ళను తూకం వేయడం మొదలుపెట్టేవాడు. విజయవాడలో నీళ్ళకు లోటు లేదు గానీ ఎండకు మనిషి బతకడు. విశాఖలో గాలి బాగుంటుంది, కిటికీ ఊచలు తుప్పు పట్టిపోతాయి. బెంగుళూరు చల్లటి ఊరే, అక్కడ స్థలాల ధరలు వింటే మాత్రం చెమటలు పడతాయి. చివరికి "అన్నీ కలిపి చూస్తే హైదరాబాదే నయం" అని లేచి చెయ్యి కడుక్కునేవాడు. అమ్మ కంచం తీస్తూ, "హైదరాబాదులో ఎక్కడండీ?" అనేది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయేవాడు.

తొంభైల మొదట్లో తెనాలి పక్క పల్లె నుంచి మేడ్చల్‌కు వచ్చాం. నాన్నకు మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. బస్టాండు వెనక సందులో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. ఇల్లుగలవాళ్ళు ముందు వాటాలో ఉండేవాళ్ళు, మేము వెనక. ఆ ఇంటావిడను నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. అమ్మ గోంగూర నూరితే ఒక గిన్నె ముందుకు వెళ్ళేది, ఆవిడ సర్వపిండి కాలిస్తే సగం వెనక్కి వచ్చేది. అద్దె పెంచాల్సి వస్తే ఆవిడ మొహమాటపడి మొగుణ్ణి పంపేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఎదురింట్లో అద్దెకున్న కాకినాడ మాస్టారు గుండెపోటుతో ఆస్పత్రిలో పోయారు. శవాన్ని లోపలికి తేవద్దని ఇంటి యజమాని గేటుకు తాళం వేశాడు. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలి, ఆ తర్వాత అద్దెకెవరూ రారు అని ఆయన బాధ ఆయనది. మాస్టారిని కరెంటు స్తంభం పక్కన చాప మీద పడుకోబెట్టారు. చినుకులు మొదలైతే ఎవరో గోనెపట్టా తెచ్చి కప్పారు. బడికి వెళ్ళే పిల్లలు, పాల సైకిళ్ళు ఆయన్ని తప్పించుకుంటూ వెళ్ళాయి.

మాస్టారి భార్యకు మంచినీళ్ళు తాగించి వచ్చిన అమ్మ, చేట ముందేసుకుని కూర్చుంది. బియ్యం చెరుగుతూ నాన్నతో, "నాకు మేడలు వద్దండీ. నన్ను రోడ్డు మీద మాత్రం పడుకోబెట్టకండి. దించడానికి మనదంటూ ఒక గుమ్మం ఉంటే చాలు" అంది.

"ఇప్పుడా మాటలెందుకు?" అన్నాడు నాన్న. అన్నాడు గానీ, ఆ వచ్చే ఆదివారం నుంచే స్థలాల వేటలో పడ్డాడు.

అప్పుడప్పుడే మేడ్చల్ చుట్టూ ద్రాక్షతోటలు పీకేసి ప్లాట్లు వేస్తున్నారు. ఆదివారం ఉదయం వెంచర్లవాళ్ళు బస్టాండు దగ్గర వ్యాను నిలిపేవాళ్ళు. ఎక్కినవాళ్ళకు స్థలాలు చూపించి, మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం పొట్లాలు పెట్టి మళ్ళీ తెచ్చి దించేవాళ్ళు. శామీర్‌పేట వైపు వెళ్ళిన వ్యాను చెరువు కట్ట దగ్గర కాసేపు ఆగేది. మా ఇంట్లో సినిమాలు, షికార్లు అన్నీ అవే. అమ్మ హద్దురాళ్ళ మధ్య నడుస్తూ "పొయ్యి ఇక్కడ, తులసమ్మ ఇక్కడ" అనుకునేది. నాన్న మట్టి నలిపి చూసి, బోరు ఎంత లోతు పడుతుందని అడిగి, ఈ డబ్బుకు తిరుపతిలో కట్టిన ఇల్లే వస్తుందని తేల్చేవాడు.

పెద్దమ్మ ఊరుకునేది కాదు. "గీ సారు జాగ సూస్తలేడు చెల్లె, పెండ్లిచూపులకు పోతున్నడు. మంచిగ తినొస్తడు, పిల్ల నచ్చలేదంటడు" అని అమ్మను ఆటపట్టించేది. అమ్మ కూడా నవ్వేది. కొన్నేళ్ళకు నవ్వడం మానేసింది.

నాన్న పిసినారి కాదు, ఆ మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. ఆయన భయస్తుడు. ఒకసారి ఒక చోట ఇల్లు కడితే మిగతా ఊళ్ళన్నీ చేజారిపోతాయని ఆయన భయం. ఈలోగా మేము వద్దనుకున్న ప్లాట్లను ఎవరెవరో కొన్నారు, ఇళ్ళు కట్టారు, పైన ఇంకో అంతస్తు వేసి అద్దెకిచ్చారు. రింగురోడ్డు వస్తుందన్నారు. శామీర్‌పేట దగ్గర పెద్ద చదువుల కాలేజీలు వచ్చాయన్నారు. గజం ధర ఒక ఆదివారం ఉన్నట్టు మరో ఆదివారం ఉండేది కాదు. బస్టాండు చుట్టూ కాంప్లెక్సులు లేచాయి, బంగారం కొట్లు వచ్చాయి. మా సందులో పెంకుటిళ్ళు కూలగొట్టి షట్టర్లు బిగించారు. నాన్న జీతమూ పెరిగింది. అది నడిచి పెరిగింది, ధరలు లారీ ఎక్కాయి. ఒకప్పుడు ఆయన మట్టి బాగాలేదన్న శామీర్‌పేట స్థలం వైపు తల ఎత్తి చూసే తాహతు కూడా ఇక మాకు లేకపోయింది.

చివరికి పీఎఫ్ డబ్బులు తీసి, అత్వెల్లి దాటాక రోడ్డుకు చాలా లోపల ఒక చిన్న ప్లాటు కొన్నాడు. చుట్టూ తుమ్మచెట్లు, మధ్యలో హద్దురాళ్ళు. అయినా అమ్మ అక్కడ కొబ్బరికాయ కొట్టి, రాళ్ళకు పసుపు రాసింది. నేను ఆమెను అంత సంతోషంగా మళ్ళీ చూడలేదు. కట్టడానికి డబ్బు లేదు. ఉన్నా నాన్న కట్టేవాడు కాదేమో, తూర్పు ముఖమా ఉత్తర ముఖమా అన్నది ఆయన ఎప్పటికీ తేల్చలేదు.

నేను డిగ్రీలో ఉండగా అమ్మకు కామెర్లు ముదిరాయి. సికింద్రాబాద్ ఆస్పత్రిలో పోయింది. అంబులెన్సులో మేడ్చల్ తీసుకొచ్చాం. ఇంటి ముందు పచ్చటి పందిరి ఉంది. పెద్దమ్మ కూతురి పెళ్ళి. మా వాటాకు వెళ్ళాలంటే ఆ పందిరి కిందినుంచే వెళ్ళాలి.

పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి అమ్మ కాళ్ళ మీద పడి ఏడ్చింది. ఆ తర్వాత లేచి నాన్నకు చేతులు జోడించింది.

"నీ కాళ్ళు మొక్కుత సారూ. ఎల్లుండే బిడ్డ పెండ్లి. పందిట్లకెళ్లి ఎట్ల తీస్కపోదుము? మా ఆయన అస్సలు ఒప్పుతలేడు. నా తోడబుట్టినదైనా నేను గిదే మాట అంటుంటి."

ఆవిడ అబద్ధం చెప్పలేదని నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం ఆ పందిరి పీకి పారేయాలనిపించింది.

నాన్న కరెంటు స్తంభం వైపు ఒకసారి చూశాడు. "అత్వెల్లి పోనివ్వు" అన్నాడు డ్రైవరుతో.

కౌకూర్‌లో ఉండే మా మేనత్త, మరికొందరు బంధువులు ఆటోల్లో వెనకాలే వచ్చారు. షామియానా తెప్పించారు. ప్లాటులో స్ట్రెచర్ దించబోయి అంబులెన్సువాళ్ళు ఆగిపోయారు. ఎక్కడ దించాలో వాళ్ళకు తెలియలేదు.

"గుమ్మం ముందు పడుకోబెట్టాలి కదా. ఇక్కడ గుమ్మం ఎటనుకోవాలి అన్నయ్యా?" అంది మేనత్త.

నాన్న ఒక మూల రాయి దగ్గర నుంచి నడిచాడు. తుమ్మకంప కాలితో పక్కకు నెట్టి ఆగాడు. "ఇది గుమ్మం. తూర్పు" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఏ సంగతినీ అంత త్వరగా తేల్చగా నేను చూడలేదు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఆ చోటే అమ్మను దించారు, తల దగ్గర దీపం పెట్టారు.

స్నానం చేయించడానికి ఆడవాళ్ళు పక్క పొలం బోరు నుంచి బిందెలతో నీళ్ళు పట్టుకుని అడ్డంగా నడిచి వస్తున్నారు. నాన్న చెయ్యి ఎత్తి వాళ్ళను ఆపాడు.

"అటునుంచి రాకండమ్మా. అది తన వంటిల్లు."

వాళ్ళు బరువు బిందెలతో ఆ ఖాళీ నేల చుట్టూ తిరిగి వచ్చారు.