ముగ్గుతో వేసిన ఎనిమిది

నా చిన్నప్పుడు అని మొదలుపెడుతున్నాను గానీ, ఈ సంగతి జరిగేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. మీసం వచ్చింది, పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చింది. అయినా ఆ రోజుల్లో నేను పడ్డ అయోమయం తలుచుకుంటే, అప్పటికింకా చిన్నపిల్లాణ్ణే అనిపిస్తుంది.

ఎనభైల నాటి మాట. సత్తెనపల్లికి ఏడెనిమిది మైళ్ళు లోపలికి ఉంటుంది మా ఊరు. పత్తి, మిరప తప్ప మరో పంట ఊసు ఉండేది కాదు. ఒక పత్తి విత్తనాల కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. రోజుకు నాలుగైదు ఊళ్ళు తిరిగి చేలు చూసి రావాలి. తిరగడానికి బండి వాళ్ళే ఇస్తారు. షరతు ఒక్కటే: చేరే రోజున మోటారు సైకిలు లైసెన్సు చూపించాలి. చూపించలేకపోతే జాబితాలో నా తరువాత పేరున్నవాళ్ళని పిలుస్తామని కాగితంలోనే రాశారు. చేరాల్సిన సోమవారానికి మూడు వారాల గడువుంది.

బండి నడపడం నాకు వచ్చనే అనుకున్నాను. మా మావయ్య తన మోటారు సైకిలు ఇచ్చేవాడు, కానీ ఊరికే ఇచ్చేవాడు కాదు. చేలో కోసిన మిరపకాయల్ని గోతంలో కుక్కి, వెనక సీటుకు తాడేసి కట్టి, కళ్ళం దాకా చేర్చాలి. తిరుగు ప్రయాణంలో బండి తీసుకునేది ఆయనే. అలా రెండు నెలలు నడిపాను. గేర్లు, క్లచ్చి, బ్రేకు, దేనికదే ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి చెప్పగలిగేవాణ్ణి.

తెలియనిదల్లా పరీక్ష ఎలా ఉంటుందన్నదే. అందుకని రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని, తెలిసినవాళ్ళందరినీ అడిగి, ఒక్కో సలహాకు ఒక్కో నంబరు వేసి రాయడం మొదలుపెట్టాను. పది రోజుల్లో ముప్పై ఒకటి పోగయ్యాయి. చిక్కు అక్కడే వచ్చింది. నాలుగోది: మలుపులో ఎడమ కాలు నేలకు ఆనించాలి, అది జాగ్రత్త కింద లెక్క. పదిహేడోది: కాలు దించితే ఫెయిలు. తొమ్మిదోది: హారన్ కొట్టకుండా కదలకూడదు. ఇరవై రెండోది: హారన్ కొడితే ఇన్‌స్పెక్టరుకు కోపమొస్తుంది.

నాలుగోది చెప్పింది ట్రాక్టరు తోలే మా బాబాయి. పదిహేడోది టీ కొట్టు తాత. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే తేలిపోతుందని బాబాయిని టీ కొట్టుకు తీసుకెళ్ళాను.

"కాలు దించకుండా మలుపు తిప్పడానికి అదేమన్నా సర్కసా?" అన్నాడు బాబాయి.

"నువ్వు తోలేది నాలుగు చక్రాల బండి. కాలి సంగతి నీకేం తెలుసురా?" అన్నాడు తాత.

"నీ కొట్టుకు అసలు చక్రాలే లేవు గదా, నీకెట్టా తెలిసింది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. నాలుగు పక్కన ఒక ప్రశ్న గుర్తు, పదిహేడు పక్కన ఒకటి పెట్టుకుని ఇంటికొచ్చాను.

శుక్రవారం పొద్దున్నే మావయ్య నన్ను వెనక కూర్చోబెట్టుకుని గుంటూరు తీసుకెళ్ళాడు. పరీక్ష జరిగే మైదానానికి రెండు వీధుల అవతలే బండి ఆపి దిగిపోయి, "ఇక్కణ్ణుంచి నువ్వు తోసుకెళ్ళు, నేనిక్కడే ఉంటా" అన్నాడు. ఎందుకో అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

మైదానంలో సున్నం పూసిన రాళ్ళు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య ఎనిమిది అంకెలా తిరిగి రావాలి. నా వంతు వచ్చింది. మొదటి మలుపులో నేను హ్యాండిల్ కొంచెం తిప్పితే బండి చాలా తిరిగింది. అలవాటైన బండి కాదిది అనిపించింది. బెదిరి ఎడమ కాలు సగం దించాను. పదిహేడో నంబరు గుర్తొచ్చి పైకి తీశాను. నాలుగో నంబరు గుర్తొచ్చి మళ్ళీ దించాను. ఎనిమిది నడిమధ్యన ఇంజను ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు గారు నడిచొచ్చారు. కసురుతారనుకున్నాను. "ఏంటయ్యా, కాలితో ఏం లెక్కపెడుతున్నావు?" అన్నారు.

"కాలు దించాలని ఒకరు చెప్పారండి. దించకూడదని ఇంకొకరు చెప్పారండి."

"ఎవరు వాళ్ళు?"

"మా ఊరివాళ్ళండి."

"లైసెన్సులున్నాయా వాళ్ళకి?"

ముప్పై ఒక్క సలహాలు రాసుకున్నాను గానీ, ఆ ఒక్క మాట ఎవరినీ అడగలేదు. ఇన్‌స్పెక్టరు గారు నా కాగితం తిప్పి ఊరి పేరు చూశారు. "ఈ ఊరి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది రెండేళ్ళ కిందట. మోపెడ్ మీద. మొదటిసారి తప్పింది, రెండోసారి చక్కగా చేసింది. ఆవిణ్ణి అడగలేకపోయావా? కాలు దించితే ఫెయిలు. పై శుక్రవారం రా" అన్నారు.

పై శుక్రవారం తరువాత వచ్చే సోమవారమే నేను ఉద్యోగంలో చేరాల్సిన రోజు.

తిరిగొస్తుంటే దారిలో, నీకు లైసెన్సుందా అని మావయ్యను మెల్లగా అడిగాను. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "మన ఊళ్ళో ఎవడికుందిరా?" అన్నాడు. ఊళ్ళోకి రాగానే నోటుబుక్కు పట్టుకుని మళ్ళీ ఒక తిరుగుడు తిరిగాను. బాబాయికి లేదు. టీ కొట్టు తాత మాత్రం "నాకుందిరా" అని లోపలికెళ్ళి, ఎప్పుడో సైకిలుకు పన్ను కట్టినప్పుడిచ్చిన రేకు బిళ్ళ తెచ్చి చూపించాడు.

టీచరమ్మ అంటే మా పక్కింటి అక్కే. చర్చి బడిలో పాఠాలు చెప్పేది. రోజూ మా గుమ్మం ముందునుంచే మోపెడ్ మీద వెళ్ళేది. నేను అరుగు మీద కూర్చుని సలహాలు రాసుకుంటుంటే చూసేది కూడా. మోపెడ్‌ను నేను బండి కింద లెక్కవేయలేదు. నిజం చెప్పాలంటే, ఆడమనిషిని బండి సంగతి అడగాలన్న ఆలోచనే రాలేదు. సిగ్గుపడుతూ వెళ్ళి, "నువ్వు నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నాను.

"నువ్వు అడిగితే గదా!" అంది.

నేను నోటుబుక్కు తెరిచాను. అక్క దాన్ని మూసి పక్కన పెట్టింది. "నాకేం జరిగిందో చెప్తా. నీకూ అదే జరుగుతుందని కాదు" అని మొదలుపెట్టింది. ముందు కాగితాలు చూశారట. తరువాత ఎనిమిది వేయించారట. ఆ తరువాత రోడ్డు మీద కొంతదూరం పోయి, చెయ్యి చాపి చూపించి మలుపు తిరిగి రమ్మన్నారట. మొదటిసారి పక్కనున్న రాళ్ళను చూస్తూ నడిపి రాయికే గుద్దిందట. రెండోసారి పోవాల్సిన చోటు వైపు చూసిందట. అంతే.

"రోడ్డు బోర్డుల గురించి అడుగుతారా అక్కా?"

"నన్ను అడగలేదు. నిన్ను అడుగుతారో లేదో నాకు తెలియదు."

ఆ మాట విని నేను తల ఎత్తి చూశాను. పది రోజులపాటు ఊరంతా తిరిగితే, తెలియదు అన్న మనిషి ఒక్కరూ తగల్లేదు.

మరునాడు సాయంత్రం బడి ఆవరణలో అక్క ముగ్గుడబ్బా తెచ్చి, వంగుని, ఒక్క గీతలో ఎనిమిది వేసింది. నా అలవాటు కొద్దీ అడుగులు వేసి కొలిచాను. రెండు సున్నాలూ సమానంగా ఉన్నాయి. ఆ పూటకి మావయ్యను బతిమాలి తెచ్చిన బండి మీద నేను ఒక్కసారి తిరిగానో లేదో, అక్క చెయ్యెత్తి ఆపింది.

"ఏరా, ఖాళీ బండి ఎప్పుడన్నా నడిపావా?"

పరీక్ష రోజున తప్ప ఎప్పుడూ లేదు. నేను నేర్చుకున్న బండి వెనకాల ఎప్పుడూ మిరపకాయల గోతం ఉంది. ఆ బరువు చేతుల్లో కలిసిపోయింది. గోతం దించాక బండి తేలికైంది, చేతులు మాత్రం పాత బలంతోనే తిప్పుతున్నాయి. క్లచ్చి బొమ్మ గీయగలిగిన నాకు తట్టని సంగతి, మోపెడ్ నడిపే అక్కకు ఒక్క మలుపులో తెలిసింది. రోజూ బడి వదిలాక మావయ్య ఖాళీ బండి ఇచ్చేలా ఒప్పించింది కూడా ఆవిడే. వారమంతా ఆ ముగ్గు మీద తిరిగాను. చెరిగిన చోటల్లా మళ్ళీ వేసేది.

శుక్రవారం కాలు దించలేదు. రాళ్ళను చూడలేదు. చెయ్యి చాపి మలుపు తిరిగొచ్చాను. అప్పుడు ఇన్‌స్పెక్టరు గారు అక్క చెప్పనిది, నా ముప్పై ఒకటిలో లేనిది ఒకటి అడిగారు. "ఎదురుగా గేదెల మంద వచ్చింది. ఏం చేస్తావు?"

"ఆగుతానండి."

"ఎంతసేపు?"

ఏదో ఒక అంకె చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "తెలియదండి. అవి దాటిందాకా."

ఆయన నవ్వి సంతకం పెట్టారు.

సోమవారం ఉద్యోగంలో చేరి ముప్పై ఏళ్ళు చేశాను. ఆ ఏళ్ళలో నా నోటుబుక్కుల్లో ప్రతి సలహా పక్కనా ఇంకో గడి గీసుకున్నాను, చెప్పినవాళ్ళు ఆ పని స్వయంగా చేశారా లేదా అని. పురుగుమందు గురించి రైతు అడిగితే, నేను చేలో చూసిందే చెప్పాను. చూడనిదైతే ఆ మాటే చెప్పాను. అలా చెప్పినందుకు నన్ను తక్కువగా చూసినవాళ్ళూ ఉన్నారు, తిరిగి నా దగ్గరికే వచ్చినవాళ్ళూ ఉన్నారు.

మొన్న మా మనవరాలు స్కూటర్ లైసెన్సుకు పోతూ, పరీక్ష ఎలా ఉంటుంది తాతయ్యా అని అడిగింది. ఎనిమిది గురించి, కాలు గురించి చెప్పాలని నాలుక దురద పెట్టింది. "నేను పోయింది నలభై ఏళ్ళ పైచిలుకు కిందటి పరీక్షకు. ఇప్పటిది నాకు తెలియదమ్మా. పోయిన నెల ఎదురింటి అమ్మాయి పరీక్షకు పోయొచ్చింది, వెళ్ళి అడుగు" అన్నాను. అది వెళ్ళాక, ఎనిమిది వేయడానికి సరిపోతుందా అని వాకిట్లో ఉన్న ముగ్గుడబ్బా తీసి చూశాను. సగానికి పైగానే ఉంది.