మొదటి పంక్తి బయటివాళ్లకు

మా ఊరి కబడ్డీ జట్టులో మా ఊరివాళ్లు ఎంతమంది అని ఎవరైనా అడిగితే నేను కొంచెం ఆలోచించి చెప్పాలి. జెర్సీ మీద పేరు మా ఊరిదే. కోర్టు మీద దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు చల్లేది, సున్నంతో గీతలు గీసేది, షామియానా కింద కూర్చుని గొంతు పోయేదాకా అరిచేది మా ఊరివాళ్లే. ఆడేది మాత్రం బయటివాళ్లు. ఇద్దరు తమిళనాడు నుంచి, ఒకడు హర్యానా నుంచి, మిగిలినవాళ్లు బళ్లారి, కర్నూలు వైపుల నుంచి వస్తారు. మన తిరునాలలో దేవుడొక్కడే మన ఊరివాడు అని నేనొకసారి అన్నాను. మా ఆయన ఆ పూట అన్నం తినకుండా లేచిపోయాడు.

ఆయన కోపానికి కారణం ఉంది. తిరునాల టోర్నమెంటుకు కమిటీ పెద్ద ఆయనే. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేస్తూ, మిగిలిన కాలమంతా కబడ్డీకే పెట్టాడు. వేరుశనక్కాయ చేను ఎండిపోతుంటే చూసి ఊరుకున్న మనిషి, కోర్టుకు నీళ్లు చాలలేదని రెండో ట్యాంకరు తెప్పించాడు. అదేమని అడిగితే, "చేను వానను నమ్ముకోని ఉండాది, కోర్టు నన్ను నమ్ముకోని ఉండాది" అన్నాడు.

మా వైపు ఆటగాళ్లను పిలవడానికి ఒక పద్ధతి ఉంది. ఫోనులో ఎంత మాట్లాడుకున్నా అది లెక్కలోకి రాదు. ఊరి పెద్దలు ఆటగాడి ఇంటికి వెళ్లి పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, కొబ్బరికాయ పెట్టి అడగాలి. ఇంటివాళ్లు ఆ పళ్లెం చేతుల్లోకి తీసుకుంటే ఒప్పుకున్నట్టు. "కింద పెట్టండి, ఆలోచించి చెప్తాం" అంటే ఇంకా ఒప్పుకోనట్టు. చేతుల్లోకి తీసుకున్నాక మాట మారితే ఆ ఇంటివాణ్ణి చుట్టుపక్కల ఏ ఊరూ మళ్లీ పిలవదు. అంత దూరం నుంచి వచ్చే హర్యానా ఆయనకు కూడా రైలు దిగగానే స్టేషన్లోనే పళ్లెం ఇచ్చి ఆ మర్యాద జరిపిస్తాడు మా ఆయన. పాపం ఆయన మొదటి ఏడాది ఆకులూ వక్కలూ ఏం చేయాలో తెలియక కొబ్బరికాయ సంచిలో వేసుకుని, అరటిపండ్లు అక్కడే తినేశాడు.

ఇంత మర్యాద చేసి పిలుచుకొచ్చినవాళ్లను ఎక్కడ ఉంచాలి? మా ఇంట్లో. ఎవరు వండిపెట్టాలి? ఇంకెవరు, నేను. సంగటి ముద్దలు చేసే చేతులు చపాతీలు వత్తడం నేర్చుకున్నాయి. వడ్డనకు కూడా కమిటీ ఒక రూలు పెట్టింది. మొదటి పంక్తిలో బయటి ఆటగాళ్లు కూర్చోవాలి, వాళ్లకు ఆకుకు రెండు ఉడకబెట్టిన గుడ్లు వేయాలి. రెండో పంక్తిలో మా ఊరి పిల్లలు కూర్చుంటారు. వాళ్లకు పులుసు వేస్తాం, అందులో గుడ్డు మిగిలిందా లేదా అన్నది వాళ్ల అదృష్టం.

ఆ రెండో పంక్తిలో చివర కూర్చునేవాడు నా కొడుకు. డిగ్రీ చదివి, వాళ్ల నాయన చేసే ఫ్యాక్టరీలోనే పనికి కుదిరాడు. కోర్టులో ఎడమ మూల వాడిది. కూతకు వచ్చినవాడి చీలమండ పట్టాడంటే వదిలే రకం కాదు. నా కొడుకని చెప్పడం లేదు. వాడి చేతిలో పడి బోర్లాపడిన హర్యానా ఆయనే చెప్పాడు. ప్రాక్టీసులో మోచేతులు గీరుకుని వచ్చి, నేను పసుపు ఇస్తుంటే "ఆప్ కా లడ్కా బహుత్ అచ్ఛా పకడ్తా హై, మౌసీ" అన్నాడు. మీవాడు భలే పడతాడన్న ఆ మాట నాకొచ్చిన ఉర్దూకు బాగానే అర్థమైంది. నాకు కడుపు నిండిపోయింది. అదే మాట మా ఆయనతో చెబితే, "పెద్ద ప్లేయర్లు అట్లే మర్యాదకంటారులే" అన్నాడు.

నా కొడుక్కు ఉన్న ఆశ ఒక్కటే. తిరునాలలో, సొంత ఊరి జనం ముందర, ఊరి పేరున్న జెర్సీ వేసుకుని ఒక్క మ్యాచ్ ఆడాలి. జెర్సీ ఇచ్చారు. అది వేసుకుని ఏటేటా బెంచీ మీద కూర్చున్నాడు. ఉతకాల్సిన పని కూడా ఉండేది కాదు, మడత పెట్టి మళ్లీ పెట్టెలో పెట్టేదాన్ని. ఈ ఆటకు వయసు తక్కువ. మోకాళ్లు ఎన్నాళ్లో నిలవవు. అదే నా బాధ.

"వాన్ని ఒక్కసారన్నా దింపొచ్చు కదా" అని అడిగితే మా ఆయన దగ్గర రెండు జవాబులు ఉండేవి. కొడుకును ఆడిస్తే కమిటీ పెద్ద సొంత మనిషిని తోసినాడని జనం అంటారనేది మొదటిది. రెండోది ఇంకా గట్టిది.

"మనోడే కదే. యాడికి పోతాడు?"

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా పెరట్లో చెట్టు మాత్రం బెంచీకి బాగా పనికొచ్చింది.

ఈ జబ్బు మా ఒక్క ఊరికే ఉందనుకునేదాన్ని. మా చెల్లెలి కూతురు ఇంగ్లాండులో నర్సు. అక్కడ ఉత్తరాన చలి ఊరు. ఆ ఊళ్లో రగ్బీ అని ఒక ఆట ఉందట, ఒకరినొకరు పట్టుకుని పడేయడం మన కబడ్డీలాగే ఉంటుందట. వీడియో కాల్లో ఒకరోజు చెప్పింది: "పెద్దమ్మా, ఈడ కూడా ఇదే రగడ. ఆస్ట్రేలియా నుంచి ప్లేయర్లను తెచ్చుకుంటారు. ఊర్లో పుట్టిన పిల్లోళ్లేమో బయట నిలబడి చప్పట్లు కొడతారు. మా వార్డులో ముసలోళ్లు దీనిమీద పొద్దంతా కొట్లాడతారు." ఆ బంతి గుడ్డు ఆకారంలో ఉంటుందని కూడా చెప్పింది. అయితే అక్కడా గుడ్డు బయటివాళ్లకేనన్నమాట అనుకున్నాను. మా ఆయన మాత్రం సంతోషించాడు. "చూసినావా, తెల్లోళ్లు కూడా మన పద్ధతే పట్టినారు" అన్నాడు.

పోయిన ఏడాదికి ముందు ఏడు, తిరునాల ఇంకా కొద్ది రోజులుందనగా, గోరంట్ల వైపు ఒక ఊరి నుంచి పెద్దమనుషులు మోటారు సైకిళ్ల మీద మా ఇంటికి వచ్చారు. ప్రాక్టీసుకని బయటి ఆటగాళ్లు అప్పటికే దిగి ఉన్నారు. మధ్యాహ్నం మొదటి పంక్తి నడుస్తోంది. నా కొడుకు మజ్జిగ బకెట్ పట్టుకుని వడ్డిస్తున్నాడు. వచ్చినవాళ్ల చేతిలో తాంబూలం పళ్లెం ఉంది. ఇంకో ఊరివాళ్లు తన గడప తొక్కి ఆటగాణ్ణి అడగడం కన్నా గొప్ప ఏముంటుంది? మా ఆయన కండువా సర్దుకుని ఎదురు వెళ్లాడు.

వాళ్లలో పెద్దాయన అన్నాడు: "అన్నా, మీ టీములో మీరు ఆడించని ప్లేయర్ ఒకడుండాడంట. మాకు మూల పట్టేవాడు లేడు. వాన్ని మా ఊరికి పంపల్ల."

మా ఆయన పెద్దగా నవ్వాడు. "ఆడించనోళ్లు మా తావ శానామంది ఉండారు. ఎవురు కావాలన్నా ఎత్తుకోని పోండప్పా." అని పళ్లెం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తీసుకున్నాక అడిగాడు, "ఇంతకీ ఎవురు?"

పెద్దాయన మజ్జిగ బకెట్ వైపు చెయ్యి చూపించాడు. "ఆ పిల్లోడే. మీ హర్యానా ఆయన పోయినేడు మాకాడికి ఆడను వచ్చినప్పుడు చెప్పినాడు, ఈ సీమలో తన కాలు పట్టినోడు వాడొక్కడే అని."

ఆకు ముందు కూర్చున్న హర్యానా ఆయనకు తెలుగు రాదు. తన గురించి మాట్లాడుతున్నారని తెలిసి నవ్వుతూ తలూపాడు. మా ఆయన ఒకసారి కొడుకును, ఒకసారి పళ్లాన్ని చూశాడు. కింద పెడదామంటే పద్ధతి ఒప్పుకోదు. ఆ పద్ధతిని ఊరూరా చెప్పుకుని తిరిగింది తనే. నా కొడుకు బకెట్ కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, "ఎప్పుడు రావల్ల?" అని అడిగాడు. నేను వంటింట్లోకి వెళ్లి కడుపారా నవ్వుకున్నాను. తర్వాత దిగులు పట్టుకుంది. సొంత ఊరికి ఆడాలన్న పిల్లవాడు పొరుగూరి జెర్సీ వేసుకోబోతున్నాడు.

అక్కడికి వెళ్లిన రోజే ఫోన్ చేశాడు. "మా, ఈడ నన్ను కింద కూర్చోనియ్యరు, మంచం వేసినారు. మొదటి పంక్తిలో గుడ్లు కూడా పెట్టినారు." తర్వాత, "నా వల్ల ఈ ఊరి పిల్లోడు ఒకడు బెంచీ మీదికి పోయినాడు మా. వాళ్ల ఇంట్లోనే నాకు కూడు" అన్నాడు. ఆ తల్లి నా కొడుక్కు గుడ్లు ఒలిచి పెడుతూ ఏమనుకుని ఉంటుందో నాకు తెలుసు. మూడేళ్లుగా హర్యానా ఆయనకు ఒలుస్తూ నేను అనుకున్నదే అనుకుని ఉంటుంది.

మా తిరునాల చివరి రోజు మా ఊరికీ, టోర్నమెంటుకు వచ్చిన ఆ ఊరికీ ఫైనల్ పడింది. పొరుగు జట్టుకు మధ్యాహ్నం భోజనం కమిటీ పెద్ద ఇంట్లోనే. అలా నా కొడుకు తన ఇంట్లో, నారింజ రంగు జెర్సీలో, మొదటి పంక్తిలో కూర్చున్నాడు. కమిటీ పెద్ద అతిథుల దగ్గర నిలబడి ఒక మాట అనాలి, అదీ పద్ధతే. మా ఆయన పంక్తి పొడవునా నడుస్తూ, "మొగమాటం లేకుండా తినండప్పా" అంటూ వచ్చి కొడుకు దగ్గర ఆగాడు. చివరికి వాడితోనూ అదే అన్నాడు. "సరే నాయనా" అని వాడు తల వంచుకున్నాడు. నేను రెండు గుడ్లు వేశాను. మూడోది వేయాలనిపించింది కానీ రూలు ఒప్పుకోదు.

మ్యాచ్ చివరి కూత దాకా సమానంగా నడిచింది. ఆ కూతకు మా వైపు నుంచి హర్యానా ఆయన వెళ్లాడు. కుడి వైపు వెళ్తున్నట్టు వెళ్లి, ఎడమ మూలకు కాలు చాచాడు. నా కొడుకు కిందికి వంగడం చూశాను, అంతే, హర్యానా ఆయన నేల మీద ఉన్నాడు. మా ఊరు ఓడిపోయింది. షామియానా కింద ఎవడో ఈల వేసి, "మనోడే రా వాడు" అన్నాడు. ఇక చూడాలి, ఓడిన ఊరు ఎగిరి గంతులు వేసింది. ఏళ్ల తరబడి వాణ్ణి బెంచీ మీద చూసినా పేరు అడగనివాళ్లు వాడి చిన్నప్పటి సంగతులు పక్కవాళ్లకు చెబుతున్నారు.

మంచి క్యాచర్ బహుమతి గోడ గడియారం. ఇవ్వాల్సింది కమిటీ పెద్ద. మైకు పట్టుకున్నతను ఊరి పేరు చెప్పమంటే, నా కొడుకు జెర్సీ మీద ఉన్న పేరే చెప్పాడు. చెప్పాల్సింది అదే, తప్పేం లేదు. అయినా గుచ్చుకుంది. ఆ గడియారం మా నడింట్లో వేలాడుతోంది. దాని మీద పొరుగూరి జట్టు పేరు రాసి ఉంది. మా ఆయన ఫ్యాక్టరీకి వెళ్లేముందు రోజూ అందులోనే టైము చూసుకోవాలి.

ఆ తర్వాత ఊళ్లో అందరూ, వచ్చే ఏడు మనవాణ్ణి మనమే ఆడించాలని మా ఆయనతో అన్నారు. ఆయన జవాబు మారలేదు. "మనోడే కదా, యాడికి పోతాడు?"

ఎక్కడికి పోతాడో ఆ గోరంట్ల వైపు వాళ్లకు తెలుసు. పోయిన ఏడాది తిరునాలకు ముందు, గురువారం తాంబూలంతో వస్తున్నామని ఫోన్ చేశారు. ఫోన్ ఎత్తింది నేను. బుధవారం పొద్దున టీ ఇస్తూ మా ఆయనకు చెప్పాను.

"రేపు వాళ్లు వస్తాండారు. ఈసారి పళ్లెం నేనే తీసుకుంటా."

"నేనుండంగా నువ్వెందుకు తీసుకుంటావే?"

"నువ్వు టీముకు పెద్ద. ప్లేయర్ ఇంటికి పెద్ద ఎవురో ఒకరు ఉండల్ల కదయ్యా. కావాలంటే నువ్వూ వచ్చి అడుగు."

"ఇంట్లోవానికి తాంబూలమా? ఊరు నవ్వుతాది."

"నవ్వనీ. పోయినసారి నేనొక్కదాన్నే నవ్వినా."

టీ సగంలో వదిలేసి బండి తీసుకుని వెళ్లిపోయాడు. హోటల్ దగ్గర కూర్చుని నన్ను తిట్టుకుంటున్నాడనుకున్నాను. నా కొడుకు డ్యూటీకి బూట్లు వేసుకుంటున్నాడు. ఇంతలో బయట గడప దగ్గర ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"ఏమప్పా, ఇంట్లో ఎవురన్నా ఉండారా?"

తన ఇంటి ముందు నిలబడి మా ఆయన పిలుస్తున్నాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. బూట్లు వేసుకుంటున్న నా కొడుకు అలాగే ఆగిపోయాడు. నేను చేతులు తుడుచుకుని బయటికి వచ్చాను. పళ్లెంలో ఆకులు, వక్కలు, అరటిపండ్లు, కొబ్బరికాయ అన్నీ ఉన్నాయి. ఏదీ మరిచిపోలేదు.

"మీ పిల్లోన్ని మా ఊరి టీముకు పంపాలని అడగను వచ్చినానమ్మా" అన్నాడు. ఆయన నన్ను అమ్మా అనడం పెళ్లయినాక అదే మొదటిసారి. నవ్వు రాలేదు.

"ఏ ప్లేసు?"

"ఎడమ మూల."

"ఏ పంక్తి?"

ఆయన తల దించుకున్నాడు. "మొదటిదే."

కింద పెట్టండి, ఆలోచించి చెప్తాం అనాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. లోపల ఒక బూటుతో నిలబడి ఉన్న నా కొడుకు ఊపిరి నాకు వినబడుతోంది. పళ్లెం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.